నిండేదాకా ఆగితే పాలు తగ్గుతాయి

పుత్తూరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు. శ్రీసిటీలో ఉద్యోగం, 26 వారాల సెలవు అయిపోవచ్చింది. పంపుతో పాలు తీసిపెట్టాలి. "రోజంతా ఆగి, రొమ్ము బాగా నిండాక ఒకేసారి తీయమంటోంది మా అత్త. నిజమేనా?"

అత్తగారి లెక్క ఇంటి ముందు సంపుకైతే సరిపోతుంది. మోటరు ఆగకుండా నడిస్తే సంపు ఒకే వేగంతో నిండుతుంది. రొమ్ము అలా కాదు, నిండేకొద్దీ మోటరే నెమ్మదిస్తుంది.

ప్రొలాక్టిన్ పాలు తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ బయటికి తోస్తుంది. ఇంటర్‌లో బట్టీపట్టిన సంగతే, వదిలేద్దాం. హార్మోన్లు రక్తంలో తిరుగుతాయి కాబట్టి రెండు రొమ్ములకూ సమానంగానే అందుతాయి. మరి బిడ్డ ఒక పక్కే తాగితే రెండో పక్క మాత్రమే ఎందుకు ఎండిపోతుంది? క్లాసులో ఈ ప్రశ్న అడిగితే పిల్లలు బల్లలకేసి చూస్తారు.

జవాబు మేక పొదుగులో దొరికింది. మేకకు పొదుగు రెండు అరలు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో లిన్జెల్, పీకర్ అనే శాస్త్రవేత్తలు ఒక అరను మాత్రం అదనంగా పితికారు. ఆ అరలోనే పాలు పెరిగాయి. ఖాళీ అయి ఒత్తిడి తగ్గినందుకేమో? అది తేల్చడానికి 1984లో హెండర్సన్, పీకర్ అదనంగా తీసిన పాల బదులు రక్తంతో సమాన గాఢత ఉన్న చక్కెర నీళ్లు లోపలికి ఎక్కించారు. పొదుగు బిగువుగానే ఉంది, అయినా ఉత్పత్తి పెరిగింది! అంటే బ్రేకు ఒత్తిడి ఒక్కటే కాదు, నిలవున్న పాలలోనే ఏదో ఉంది. మనుషుల్లోనూ రొమ్ము ఖాళీ అయినకొద్దీ తయారీ వేగం పెరుగుతుందని ఆస్ట్రేలియాలో హార్ట్‌మన్ బృందం కొలిచి చూపింది.

కాబట్టి ఎనిమిది గంటల షిఫ్టులో ఒకసారి అరగంట కూర్చునే కన్నా, మూడేసి గంటలకోసారి పావుగంట తీయడం మేలు. నిలవ చోటు తక్కువున్న తల్లికి బ్రేకు త్వరగా పడుతుంది, ఆమె ఇంకా తరచుగా తీయాలి. రాత్రి ప్రొలాక్టిన్ ఎక్కువ కనుక ఇంట్లో రాత్రి పాలు మాన్పించకండి.

ఇంకో చిక్కు. ఆవు పొదుగులో పాలు నిలవుండే పెద్ద తిత్తి ఉంటుంది, అందుకే మన చిత్తూరు పాడిరైతుకు పొద్దున, సాయంత్రం పితికితే జరిగిపోతుంది. మనిషికి ఆ తిత్తి లేదు. పాలు చేపకపోతే, అంటే ఆక్సిటోసిన్ పాలను బయటికి తోయకపోతే, మిషన్ ఎంత లాగినా నాలుగు చుక్కలే. అందుకే మొదట త్వరత్వరగా, తేలిగ్గా లాగే సెట్టింగు పెట్టి, ధార మొదలయ్యాక నిదానంగా, కాస్త గట్టిగా లాగేదానికి మార్చాలి. నొప్పి పుట్టేంత వద్దు. నొప్పి, కంగారు, తలుపు తట్టే సూపర్‌వైజరు, ఇవన్నీ చేపును ఆపేస్తాయి. పాప ఫోటో చూడటం, చేత్తో రొమ్మును నిమరడం పనికొస్తాయి.

తీసిన పాలు ఎవరి కంటా పడకూడదని, దిష్టి తగులుతుందని సీసాకు గుడ్డ చుడతారు. గుడ్డతో నష్టం లేదు గానీ మూత బిగించి ఐసు పెట్టెలో ఉంచండి. నాలుగు గంటలు బయట ఉంచొచ్చన్న మాట 25 డిగ్రీల లోపు గదికి. మన మే నెలకు అది వర్తించదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతాయి.

చట్టం ప్రకారం బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు పాల విరామాలున్నాయి. యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) కూడా ఉండాలి. చేరిన రోజే హెచ్ఆర్‌ను అడగండి, పంపుకు ప్లగ్ పాయింటు, గడియ ఉన్న గదితో సహా.