ముందు పుట్టిన ఓడ రెండవదైన వైనం: ‘క్వీన్ మేరీ’ పేరు వెనుక చరిత్ర

1934 సెప్టెంబరు 26న స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కునార్డ్-వైట్ స్టార్ సంస్థ మహానౌక జలప్రవేశం చేసింది. అంతవరకు 534 అనే నిర్మాణ సంఖ్యతోనే వ్యవహరించిన ఆ ఓడకు బ్రిటిష్ రాణి మేరీ స్వయంగా తన పేరు పెట్టింది. అయితే ఆ పేరు అప్పటికే మరొక ఓడది. అదే క్లైడ్ నదికి దిగువన ఉన్న డంబార్టన్‌లో 1933లో డెన్నీ సంస్థ కట్టిన విహార నౌక ఒకటి ‘క్వీన్ మేరీ’గానే ప్రయాణికులను తిప్పుతోంది.

నిజానికి ఓడలను వేరుపరచడానికి పేరొక్కటే ఆధారం కాదు. 1854 నాటి బ్రిటిష్ వాణిజ్య నౌకా చట్టం రిజిస్టరైన ప్రతి ఓడకూ ఒక అధికారిక సంఖ్యను కేటాయించింది. యజమాని మారినా, పేరు మారినా ఆ సంఖ్య మారదు. కానీ తంతి వార్తల్లోనూ, ఓడ మునిగిందన్న కబురులోనూ జనానికి చేరేది పేరే కనుక, రిజిస్టరులో ఉన్న పేరును మరొక ఓడకు నిరాకరించే అధికారాన్ని 1906 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. అందువల్ల ప్రపంచంలోని అతి పెద్ద ఓడల్లో ఒకదాన్ని కడుతున్న సంస్థ కూడా ఒక చిన్న విహార నౌక యజమానుల సమ్మతి కోరవలసి వచ్చింది. వారు ఒప్పుకున్నారు. 1935లో చిన్న ఓడ తన పేరు చివర ‘రెండు’ అనే అంకె చేర్చుకుంది. ముందు పుట్టినదే రెండవదిగా మారడం నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు.

కునార్డ్ ఓడల పేర్లు ‘ఇయా’తోనూ, వైట్ స్టార్ ఓడల పేర్లు ‘ఇక్’తోనూ ముగియడం ఆనవాయితీ. 1934లో రెండు సంస్థలూ విలీనమయ్యాక, ఎవరి వరుసకూ చెందని పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది. ‘విక్టోరియా’ అని పెట్టబోగా, మహారాణి పేరు అనగానే రాజుగారు తన భార్య మేరీ పేరే అనుకోవడంతో పేరు మారిందన్న కథ ఎంత ప్రసిద్ధమైనా, అది నిజమా కాదా అన్నది తేలలేదు.

పేరును కాపాడుకోవడంలో కునార్డ్ పట్టుదలకు ‘మారిటేనియా’ మరో నిదర్శనం. 1907లో సేవలోకి వచ్చిన ఆ ఓడను 1935లో తుక్కు చేయడానికి పంపాక, పేరు చేజారకుండా సౌతాంప్టన్‌కు చెందిన ఒక చిన్న తెడ్డుచక్రాల పడవకు దాన్ని తాత్కాలికంగా పెట్టించారు. తాత పేరు మనవడికి పెట్టినట్టుగా, 1938లో జలప్రవేశం చేసిన కొత్త ఓడకు ఆ పేరే దక్కింది.

మహానౌక ‘క్వీన్ మేరీ’ 1967లో సేవ చాలించి, కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ తీరంలో శాశ్వతంగా లంగరు వేసింది. క్లైడ్ నది మీది ఓడ మాత్రం తన పేరు చివరి అంకెను తొలగించుకోవడానికి 1976 వరకు ఆగవలసి వచ్చింది.