‘ముందు సీటు, తర్వాత ఫండింగ్’: పీహెచ్‌డీ అపోహలు - వాస్తవాలు

సంక్రాంతికి నెల్లూరు వస్తే చాలు, ఎవరో ఒకరు విదేశీ పీహెచ్‌డీ ఆఫర్ లెటర్ పట్టుకుని ఇంటికొస్తారు. జువాలజీయో బయోటెక్నాలజీయో ఎమ్మెస్సీ అయిన పిల్లలు, పక్కన తండ్రో మేనమామో. "సీటు వచ్చేసింది సార్, స్కాలర్‌షిప్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అంటారు.

అపోహ: సీటు తెచ్చుకుంటే ఫండింగ్ అదే వస్తుంది.

వాస్తవం: కుటుంబాలను ముంచుతున్నది ఇదే. జీవశాస్త్రాల్లో సీటూ డబ్బూ సాధారణంగా కలిసే వస్తాయి. బ్రిటన్‌లో స్టూడెంట్‌షిప్ (ఫండింగ్‌తో కలిపి ఇచ్చే పీహెచ్‌డీ సీటు) ప్రకటనలోనే ప్రాజెక్టు, గైడు, ఫీజు, స్టైపెండ్ అన్నీ ఉంటాయి. అక్టోబర్‌లో చేరాలంటే చాలావాటికి గడువు ముందు డిసెంబర్, జనవరిల్లోనే ముగుస్తుంది. జర్మనీలో ఎక్కువగా జీతమిచ్చే కాంట్రాక్టు ఉద్యోగమే. అమెరికాలో మంచి ప్రోగ్రామ్‌లో మిమ్మల్ని తీసుకుంటే ట్యూషన్, స్టైపెండ్ వాళ్లే చూసుకుంటారు.

మొన్న ఇందుకూరుపేట వైపు నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చారు. ఆయనకి రొయ్యల గుంటలున్నాయి. లెటర్ మొదటి పేజీ నిండా అభినందనలు. రెండో పేజీలో ‘సెల్ఫ్ ఫండెడ్’, అంటే ఖర్చంతా మీదేనని ఒక ముక్క, దాని కింద ఏడాదికి పాతిక వేల పౌండ్లు దాటిన ఫీజు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడానికి మాట్లాడుకుని మరీ వచ్చారు. "ఈ పంటకి వైట్ స్పాట్ తగలకపోతే మొదటి ఏడాది కట్టేస్తాం సార్." ఆ అమ్మాయి ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసింది రొయ్యల్ని చంపే ఆ వైట్ స్పాట్ వైరస్ మీదే! వైరస్‌ని పట్టే పీసీఆర్ పరీక్ష సొంతంగా చేసిన పిల్ల ఎదురు డబ్బు కట్టి పరిశోధన చేయడమేంటి? "సంతకం పెట్టొద్దు, అన్నా. ఒక ఏడాది ఆగితే కొంపలేం మునగవు" అన్నాను. ఆయన మొహంలో టెన్షన్ తగ్గింది గానీ, ఊళ్లో అందరికీ చెప్పేశామే అన్న బాధ పోలేదు. అదీ నిజమే.

అపోహ: కన్సల్టెన్సీ లేనిదే పని కాదు.

వాస్తవం: వాళ్ల కమిషన్ మీరు కట్టే ఫీజులోంచి వస్తుంది. ఫీజే లేని సీటు మీకెందుకు చూపిస్తారు? ఫైండ్ఏపీహెచ్‌డీ సైటు, యూనివర్సిటీల పేజీలు మీ ఫోన్‌లోనే తెరుచుకుంటాయి.

అపోహ: బ్రిటన్ ప్రభుత్వ ఫండింగ్ అక్కడి వాళ్లకే.

వాస్తవం: పాత కబురు. అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ స్టూడెంట్‌షిప్‌లు 2021 నుంచి విదేశీయులకూ ఇస్తున్నారు. విదేశీయుల వాటా 30 శాతం లోపే కాబట్టి పోటీ గట్టిదే.

అపోహ: నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పోతే మన దేశంలో దారి మూసుకున్నట్టే.

వాస్తవం: కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) వాళ్ల బెట్ పరీక్ష ఉంది, గేట్ ఉంది, బెంగళూరు ఎన్‌సీబీఎస్ లాంటి పరిశోధన సంస్థలకి జీజీబిల్స్ (JGEEBILS) పరీక్ష ఉంది. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. హైదరాబాద్ సీసీఎంబీ, తిరుపతి ఐసర్ లాంటి పరిశోధన సంస్థలు దగ్గర్లోనే ఉండగా తాకట్టు దాకా ఎందుకు పోవాలి?

పేపర్లు అచ్చవకపోతే తీసుకోరన్నది వట్టి మాట. ల్యాబ్‌లో ఏం చేశారో, అది ఎందుకు పని చేయలేదో చెప్పగలిగితే వింటారు. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు ‘రెస్పెక్టెడ్ సర్’ అని ఒకే ముక్క యాభై మందికి పంపకండి. ఆయన పేపర్ ఒకటి చదివి, దాని మీద ఒక ప్రశ్న అడగండి.

ఇంకొకటి. రిఫరెన్స్ లెటర్ లింకు నేరుగా మీ లెక్చరర్ మెయిల్‌కి వెళ్తుంది. కొన్ని చోట్ల జీమెయిల్ ఒప్పుకోరు, కాలేజీ మెయిలే కావాలంటారు. మన వైపు చాలా కాలేజీల్లో అదే ఉండదు. ఆ సంగతి గడువు రోజు రాత్రి కాదు, అక్టోబర్‌లోనే అడిగి తేల్చుకోండి.