కనుబొమలున్న ఇళ్లు

చిన్నూకి, బుజ్జికి,

మీ ఉత్తరం అందింది. "ఎదురింటివాళ్లు రంగులేయించుకుంటే మన ఇల్లెందుకు పాతబడిపోయింది తాతయ్యా? మొన్నటిదాకా బాగానే ఉందిగా!" అని అడిగారు. పెద్దవాళ్లకి ఇలాంటి ప్రశ్న రాదు. వాళ్లు నేరుగా పెయింటర్‌కి ఫోన్ చేస్తారు.

మీ ఇల్లు మొన్న కూడా ఇలాగే ఉందిరా. మీరు చూడలేదంతే. రోజూ ఎదురుగా ఉండేదాన్ని కళ్లు పట్టించుకోవడం మానేస్తాయి.

ఇంటి ముందు భాగమంటే నాకు ముఖమే. కిటికీలు కళ్లు, తలుపు నోరు. మీరు బొమ్మలేసేటప్పుడూ అలాగే వేస్తారు. మరి కనుబొమలేవి? కిటికీల మీదుండే సన్‌షేడ్‌లు. ఎండలో ఆడి వచ్చినప్పుడు నుదుటి చెమట కళ్లలోకి దిగకుండా కనుబొమలు పక్కకి మళ్లిస్తాయి కదా, సన్‌షేడ్ కూడా వాననీళ్లని గోడకి దూరంగా పడేస్తుంది. కానీ నీళ్లు అంత తేలిగ్గా వదలవు. అంచు దాకా వచ్చి, కింద పడకుండా, సన్‌షేడ్ అడుగుభాగాన్ని పట్టుకుని పాక్కుంటూ మళ్లీ గోడ దగ్గరికే చేరతాయి. అందుకే పనితెలిసిన మేస్త్రి అడుగువైపున, అంచుకి కాస్త లోపలగా, చిటికెనవేలు పట్టేంత గాడి తీస్తాడు. పాకుతూ వచ్చిన బొట్టు ఆ గాడిని దాటలేదు. అక్కడే వేలాడి, బరువెక్కి, టప్పున రాలిపోతుంది. అంత చిన్న గాడి అంత పెద్ద గోడని కాపాడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

గాడి లేనిచోట కిటికీ పక్కన నల్లటి చారలు దిగుతాయి. తడి ఆరని చోట నాచు పడుతుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ఏడ్చిన ముఖంలా ఉంటుంది ఇల్లు. చాలామంది దాని మీదే రంగు కొట్టించేస్తారు. ముఖం కడుక్కోకుండా పౌడర్ రాసుకుంటే నిలుస్తుందా? ఇటుకల్లో చేరిన నీళ్లు వాటిలోని ఉప్పుని కరిగించి బయటికి తెస్తాయి. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలి గడ్డకడుతుంది. అదే రంగుని లోపల్నుంచి నెట్టి పెచ్చులుగా ఊడగొడుతుంది. కాబట్టి ముందు కారే పైపు బాగుచేయించాలి, తర్వాత నాచు గీకి కడగాలి, గోడ బాగా ఆరనివ్వాలి. రంగు సంగతి ఆ తర్వాతే.

సున్నం గురించి ఒక్క మాట. తడి సున్నం పూసిన గోడ గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని నెమ్మదిగా మళ్లీ సున్నపురాయి అవుతుంది. రాయిని కాల్చి, నీళ్లు పోసి, గోడకి పూస్తే అది గాలి తాగి తిరిగి రాయైపోతుంది! పైగా గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది.

ఇక ముస్తాబు. ముఖం మీద పడే జుట్టులా కిటికీలకి అడ్డం వచ్చిన కొమ్మలు కత్తిరించాలి. నోరు తెరిచినప్పుడల్లా కీచుమనకుండా గేటు బందులకి నూనె వేయాలి. తలుపుకి ఒక్క మంచి రంగు చాలు, గోడకో రంగు పూస్తే వేషం కట్టినట్టుంటుంది. ఇంటి నంబరు రాత్రిపూట కూడా కనిపించేలా దీపం కింద పెట్టాలి. అంబులెన్స్ వీధంతా వెతుక్కోకూడదు. ఈ ముఖం గొడవ ఇక ఆపమని మీ నాయనమ్మ అంటోంది. అసలు మాటే ఇంకా చెప్పలేదు, ఎలా ఆపను?

ఎవరి ముఖం వాళ్లకి కనపడదు. ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఇంటి ముందుభాగమూ అంతే. ఎదురింటి కొత్త రంగుని రోజంతా చూసేది ఎవరు? మీరే! డబ్బు వాళ్లది, చూపు మీది. మీ ఇల్లు చూసేది వాళ్లు. మరి వాళ్లకి మీరేం చూపిస్తున్నారు?

చిన్నప్పుడు నేను బడికి వెళ్లడానికి రెండు దారులుండేవి. ఒకటి దగ్గర, కానీ దారంతా పొడుగాటి ప్రహరీ గోడ. రెండోది చుట్టుదారి, అటూ ఇటూ ఇళ్లు. ఒక కిటికీలో పిల్లి, ఒక మెట్టు మీద రేడియో బాగుచేసుకునే ముసలాయన, ఎప్పుడూ తెరిచే ఉండే ఆకుపచ్చ తలుపు. నేను చుట్టుదారిలోనే పోయేవాణ్ణి, బడికి ఆలస్యమయ్యేవాణ్ణి. విచిత్రమేంటంటే ఆ చుట్టుదారే నాకు దగ్గరనిపించేది. ఇప్పుడు లెక్క వేస్తే కారణం తెలుస్తోంది. మనం గంటకి 5 కిలోమీటర్లు నడుస్తాం, అంటే 5 సెకన్లకి దాదాపు 7 మీటర్లు. ఇళ్లు సన్నగా ఉంటే ప్రతి 5 సెకన్లకీ ఓ కొత్త తలుపు. అదే 100 మీటర్ల గోడైతే నిమిషం పైన ఏమీ లేదు. గంటకి 50 కిలోమీటర్లతో పోయే కారులో ఐతే సెకనుకి రెండిళ్లు జారిపోతాయి. ఊరు నడిచేవాడికే దక్కుతుంది.

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ అనే పేటలో జేన్ జేకబ్స్ అనే ఆవిడ ఉండేది. ఆర్కిటెక్టు కాదు, ఇంజనీరూ కాదు, వీధిని శ్రద్ధగా చూసిన మనిషి. కిటికీల్లోంచీ దుకాణాల్లోంచీ జనం బయటికి చూస్తుండే వీధే భద్రంగా ఉంటుందని 1961లో రాసింది. వీధి మీద కళ్లుండాలంటుంది. చూశారా, ఆవిడకీ కళ్లే గుర్తొచ్చాయి! అందుకే తలెత్తు ప్రహరీ గోడలంటే నాకు పడదు. అది ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడమే. నడుము ఎత్తు చాలు. ఇంటి లోపలికి మరీ తొంగిచూడరు, పలకరింపు మాత్రం దాటి వస్తుంది.

ఈ ఆదివారం వాన వెలిశాక ఇద్దరూ అలా నడిచి రండి. ఏ ఇంటి ముందు మీ కాళ్లు వాటంతటవే నెమ్మదించాయో గమనించి నాకు రాయండి. దారిలో సన్‌షేడ్‌ల కిందికి ఓసారి తలెత్తి చూడండి. గాడి ఉన్న ఇంటి గోడ ఎలా ఉంది, లేనిది ఎలా ఉంది? వేలు మాత్రం పెట్టి చూపించకండి, ఆ కిటికీల్లోంచి వాళ్లూ మిమ్మల్ని చూస్తుంటారు.

మీ తాతయ్య