పరాయి మెషీన్‌లో మన గుట్టు

ల్యాప్‌టాప్ ధరలు కనుక్కురమ్మని ఒక చిన్న ప్రోగ్రామ్‌ను బయటికి పంపామనుకుందాం. అది మన దగ్గరే కూర్చుని అడగదు. తన కోడ్‌నూ డేటానూ వెంటబెట్టుకుని ఒక షాపు సర్వర్ నుంచి ఇంకో షాపు సర్వర్‌కు వెళ్లి, అక్కడే నడిచి, తిరిగొస్తుంది. దీన్ని మొబైల్ ఏజెంట్ అంటారు. 1990ల్లో జనరల్ మ్యాజిక్ కంపెనీ టెలిస్క్రిప్ట్ పేరుతో, ఐబీఎం టోక్యో ల్యాబ్ ఆగ్లెట్స్ పేరుతో ఇలాంటివి నడిపించడానికి ఏర్పాట్లు చేశాయి.

చిక్కేమిటంటే, పరాయి మెషీన్ యజమాని తలుచుకుంటే ఏజెంట్ మెమొరీ అంతా చదివేయగలడు. '50,000 లోపయితే కొను' అన్న మాట అందులో కనబడిందా, 42,000 ల్యాప్‌టాప్ 49,900 అయిపోతుంది. జేబులో ఎంతుందో చొక్కా మీద రాసుకుని బేరానికి వెళ్లినట్టే.

ఏజెంట్‌ను ఎవరు పంపారో దాచడం కాస్త తేలిక. డెలివరీ అడ్రస్ ఎలాగూ ఇవ్వాలిగా అంటారేమో. ఇస్తాం, కొన్న షాపుకు మాత్రమే. ధర అడిగి వదిలేసిన మిగతా షాపులకు మన ఊరూ పేరూ ఎందుకు? 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆనియన్ రౌటింగ్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. వెళ్లాల్సిన దారిని పొరలు పొరలుగా ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అంటే తాళంచెవి ఉన్నవాళ్లే చదవగలిగే రహస్య లిపిలోకి మారుస్తారు. ఒక్కో సర్వర్ తన తాళంచెవితో ఒక్క పొరే విప్పగలదు, అందులో ఉండేది తర్వాతి మజిలీ అడ్రసే. కాకపోతే దారి ముందే తెలిసుండాలి. ఎటు పోవాలో మధ్యలో తానే తేల్చుకునే ఏజెంట్‌కు ఇది సరిపోదు.

అసలు కష్టం లోపలి గుట్టుతోనే. 1998లో టొమాస్ సాండర్, క్రిస్టియన్ చూడిన్ అనే పరిశోధకులు ఒక సాహసం చేశారు: ఎన్‌క్రిప్షన్ విప్పకుండానే ప్రోగ్రామ్‌ను నడిపిస్తే? వినడానికి గారడీలా ఉంటుంది కానీ, ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ఒక బుల్లి లెక్కతో చూడొచ్చు. సంఖ్యను ఘనం చేసి 33తో భాగించి శేషం రాయాలి. 2కు 8 వస్తుంది, 4కు 31. వీటి అసలు విలువలు తెలియని సర్వర్ 8నీ 31నీ గుణించి, 248ని 33తో భాగించి, 17 ఇస్తుంది. మన రహస్య తాళంచెవి 7. 17ను ఏడో ఘాతానికి పెంచి 33తో భాగిస్తే శేషం 8, అంటే 2×4. సర్వర్ లెక్క చేసిపెట్టింది, ఏ సంఖ్యలతో చేసిందో దానికి తెలియదు. ఆర్‌ఎస్‌ఏలో గుణకారం వరకే ఇలా కుదురుతుంది. కూడికలూ గుణకారాలూ ఎన్నయినా చేసే మార్గాన్ని క్రెయిగ్ జెంట్రీ అనే పరిశోధకుడు 2009లో చూపించాడు. అది మామూలు లెక్క కంటే చాలా నెమ్మది.

అయినా ఒక మెలిక మిగిలింది. జవాబు కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది కాబట్టి కొనాలో వద్దో అక్కడికక్కడ తేలదు, ఏజెంట్ ఇంటికి రావాల్సిందే. పోనీ, 'సరే' 'వద్దు' అన్న జవాబు షాపుకు కనబడనిద్దామా? అప్పుడు యజమాని ఏజెంట్‌ను కాపీ చేసుకుని రకరకాల ధరలతో నడిపి చూస్తాడు. 30,000కూ 60,000కూ మధ్య మన లిమిట్ ఎక్కడుందో, ప్రతిసారీ సగానికి సగం తగ్గించుకుంటూ పోతే, 15 ప్రయత్నాల్లో రూపాయితో సహా దొరికిపోతుంది. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా దీన్ని ఆపలేదు.

అందుకే 2001లో జ్యూరిక్ ఐబీఎం పరిశోధకులు మధ్యలో మూడో సర్వర్‌ను పెట్టారు. షాపు చెప్పే ధరతో ఏజెంట్ నడవాలంటే కొన్ని తాళంచెవులు కావాలి, అవి ఆ సర్వరే ఇస్తుంది. ఒక ఏజెంట్‌కు ఒక షాపులో ఒక్కసారే. షాపుతోగానీ మనతోగానీ కుమ్మక్కు కానంతవరకు, ధరెంతో లిమిట్ ఎంతో ఆ సర్వర్‌కూ తెలియదు.