కనజావా బంగారు రేకు: నిషేధం దాటి నిలిచిన పని

జపాన్‌లోని కనజావాలో అరచేతంత బంగారు రేకు చుట్టిన ఐస్‌క్రీమ్ కోన్ అమ్ముతారు. ఫొటోల కోసం జనం ఎగబడతారు. ఆ దేశంలో తయారయ్యే బంగారు రేకులో దాదాపు 99 శాతం ఈ ఊరిదే. అయినా పాత పద్ధతిలో రేకు కొట్టేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు. కారణం తెలియాలంటే నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1593లో కొరియా యుద్ధం కోసం క్యుషూ దీవిలో విడిది చేసిన కనజావా పాలకుడు మయేదా తోషియియే, తన ఏలుబడిలోని నోతో ప్రాంతంలో బంగారు రేకు, కాగా ప్రాంతంలో వెండి రేకు చేయించమని ఇంటికి కబురు పంపాడు. ఇక్కడి రేకు గురించి దొరికే తొలి ఆధారం అదే. వందేళ్లు దాటాక, దేశాన్ని ఏలే సైనిక పాలకుడైన షోగన్ ప్రభుత్వం అడ్డుపడింది. 1696లో రేకుల తయారీని తన అదుపులోకి తీసుకుని ఎదో (నేటి టోక్యో), క్యోటోలకే పరిమితం చేసింది. మిగతావాళ్లు అక్కడి నుంచి కొనుక్కోవాల్సిందే.

1808లో కనజావా కోటలోని నినోమారు భవనం కాలిపోయింది. తిరిగి కట్టడానికి బోలెడంత రేకు కావాలి. క్యోటో నుంచి పనివాళ్లను పిలిపించారు. వాళ్ల దగ్గర స్థానికులు పని నేర్చుకున్నారు, ఆ తర్వాత దొంగచాటుగా కొడుతూనే ఉన్నారు. 1864లో సంస్థానం అవసరాల వరకు అనుమతి దొరికింది. నాలుగేళ్లకే షోగన్ల పాలన కూలిపోయింది, దానితోపాటే ఎదో రేకు పరిశ్రమా పోయింది. కనజావాకు పోటీయే లేకుండా పోయింది. నా దృష్టిలో ఇది చాటుగా పని వదలనివాళ్ల గెలుపు. ఊరి తేమ వాతావరణం కూడా కలిసొచ్చింది. గాలి పొడిగా ఉంటే స్థిర విద్యుత్తు పుట్టి రేకు అంటుకుపోతుంది. రేకును కోసే పనిముట్టు వెదురుతో చేసేదీ అందుకే.

అసలు కష్టం బంగారంలో లేదు, దాన్ని మధ్యలో పెట్టి కొట్టే కాగితంలో ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో మిఠాయిల మీద వేసే వెండి వర్ఖును కొట్టడం చాలామందికి తెలుసు. మన దగ్గరా యూరప్‌లోనూ ఆనవాయితీగా పశువుల తోలు, పేగు పొరల మధ్య పెట్టి కొట్టేవాళ్లు. కనజావాలో గంపి చెట్టు నారతో చేసిన కాగితం వాడతారు. దాన్ని గడ్డి బూడిద నీళ్లు, పెర్సిమన్ పండు రసం, గుడ్డు కలిపిన ద్రవంలో నానబెట్టి, ఆరబెట్టి, కొట్టి నెలల తరబడి సిద్ధం చేస్తారు. కాగితం బాగుంటేనే రేకు బాగుంటుందని పనివాళ్లు అంటారు. మామూలుగా వాడే మిశ్రమంలో బంగారం 94 శాతం పైనే, మిగతాది వెండి, కొద్దిగా రాగి. చివరికి రేకు మందం మిల్లీమీటరులో పదివేల వంతు. అంటే ఒక్క గ్రాముతో సుమారు అర చదరపు మీటరు కప్పొచ్చు. వాడి అరిగిన కాగితాన్నీ పారేయరు, ముఖం మీది జిడ్డు తుడుచుకోవడానికి అది పెట్టింది పేరు.

20వ శతాబ్దంలో సుత్తి పని యంత్రానికి వెళ్లింది. 1960ల తర్వాత కార్బన్ పూసిన గ్లాసిన్ అనే నున్నటి పలచని కాగితంతో త్వరగా, చవగ్గా చేసే పద్ధతి వచ్చింది. రేకుల్ని దొంతరగా పేర్చి ఒక్కసారే కోసేయొచ్చు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా ఉన్నది అదే. పాత పద్ధతి పేరు ఎంత్సుకే. దాన్ని జపాన్ ప్రభుత్వం 2014లో కాపాడాల్సిన నైపుణ్యాల జాబితాలో చేర్చింది. 2020లో యునెస్కో గుర్తించిన జపాన్ చెక్క కట్టడాల పరిరక్షణ నైపుణ్యాల్లోనూ అది ఉంది.

గుర్తింపు వచ్చింది సరే, ఆర్డర్లు రావాలి కదా! ఈ రేకుకు పెద్ద గిరాకీ ఇళ్లలో పెట్టుకునే బౌద్ధ పూజామందిరాల నుంచి వచ్చేది. చిన్న ఫ్లాట్లలో వాటికి చోటు లేదు, కొత్త తరానికి ఆసక్తీ తగ్గింది. ఇక మిగిలింది ఆలయాల మరమ్మతులు. క్యోటోలోని బంగారు మంటపం కింకకుజికి 1987లో ముగిసిన పనిలో మామూలు కంటే ఐదు రెట్లు మందమైన రేకులు సుమారు 2 లక్షలు, అంటే 20 కిలోల బంగారం పట్టింది. అంత పెద్ద పని ఏటా రాదు. ఎంత్సుకే నేర్చుకునే కుర్రాడికి మాత్రం ప్రతి నెలా జీతం కావాలి.