దాణాలో మూలికలు: కోళ్ల షెడ్ల దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: యాంటీబయాటిక్ ఆపేసి, ఆ చోట పసుపు వేస్తే సరి.

వాస్తవం: రెండూ చేసే పని ఒకటి కాదు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది లేదా పెరగకుండా ఆపుతుంది. పసుపు, వెల్లుల్లి, నేలవేము పేగు ఆరోగ్యానికీ అరుగుదలకూ తోడ్పడతాయి. షెడ్డు బాగోలేకపోతే ఆ తోడ్పాటు కనబడదు. అందుకే ముందు లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊక, చూడండి. గుప్పెడు ఊక గట్టిగా పిండి వేళ్లు విప్పండి. ముద్ద విడిపోతే మంచిదే. అలాగే నిలబడితే తడి ఎక్కువైనట్టు. ఆ తడిలో అమ్మోనియా లేస్తుంది, కాక్సీ (రక్తపు రెట్టలు పడే పేగు జబ్బు) ముదురుతుంది. విశాఖ తీరం గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే. కారే నిపిల్స్ (కోళ్లు నీళ్లు తాగే గొట్టాల మొనలు) బాగుచేయకుండా, ఊక తిరగేయకుండా మూలికల మీద డబ్బు పెట్టడం దండగ.

అపోహ: జబ్బు పడ్డాక కషాయం పట్టిస్తే కోళ్లు లేస్తాయి.

వాస్తవం: లేవవు. కొక్కెర తెగులు, గంబోరో వైరస్ జబ్బులు. వాటికి టీకాయే దారి. రక్తపు రెట్టలు కనబడితే ఆ రోజే పశువైద్యుడిని పిలవాలి. నీటిలో టీకా వేసే రోజు కషాయం, క్లోరిన్ రెండూ వద్దు.

అపోహ: మిక్సర్‌లో నేరుగా పోస్తే అదే కలిసిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే. టన్ను దాణాకు 5 కిలోల పసుపు, 2 కిలోల నేలవేము పొడి అనుకుందాం. ఈ 7 కిలోలను నేరుగా పోస్తే పొడి గోడలకు అంటుకుంటుంది. కొన్ని బస్తాలు పచ్చగా, కొన్ని తెల్లగా దిగుతాయి. ముందు 25 కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపాలి. దాన్ని 100 కిలోల దాణాలో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌కు ఎక్కించాలి. నిలువు మిక్సర్ అయితే 15 నిమిషాలకు తగ్గకూడదు. వెల్లుల్లి ఘాటు వేడికి పోతుంది. దాణాను గుళికలుగా చేసే పెల్లెట్ మిల్లులో 75–85 డిగ్రీలు తగులుతుంది కాబట్టి వెల్లుల్లిని మాష్ దాణాలోనే, అంటే గుళిక కట్టని పొడి దాణాలోనే వాడండి.

అపోహ: మూలికే కదా, ఎంత వేసినా నష్టం లేదు.

వాస్తవం: నేలవేము, వేపాకు మోతాదు మించితే చేదుకు కోడి మేత తగ్గిస్తుంది, బరువు పడిపోతుంది.

అపోహ: చిన్న మోతాదులో యాంటీబయాటిక్ దాణాలో ఉంటే తప్పేమీ లేదు.

వాస్తవం: ఆ చిన్న మోతాదే మందుకు లొంగని బ్యాక్టీరియాను పెంచుతుంది. వేరే మందులు పనిచేయనప్పుడు మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను 2019లో మన దేశంలో పశువులకు, కోళ్లకు నిషేధించింది అందుకే. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరప్ యూనియన్ 2006 నుంచే ఆపేసింది. చికిత్సకు వైద్యుడు రాసిన మందు వేరే సంగతి. అది పూర్తి కోర్సు వాడి, మందు ఆపాక వైద్యుడు చెప్పిన విరామం గడిచాకే కోళ్లను అమ్మాలి.

అపోహ: పసుపు పొడి ఎక్కడ కొన్నా ఒకటే.

వాస్తవం: గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచిదైతే అడుక్కు దిగి, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. ముదురు రంగు తేలితే కల్తీని అనుమానించాలి. పాడేరు వైపు నుంచి కొమ్ములే తెచ్చి మర ఆడించుకోవడం మేలు. నేలవేము, వేప ఆకులైతే నీడలో, గుప్పిట్లో నలిపితే పొడయ్యేంత ఎండాలి. బస్తాలు నేలమీద కాక చెక్కలమీద పెట్టండి. బూజు వాసన వస్తే పారేయండి. బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు, కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.