తూకం కదలకపోయినా లివర్‌లో కొవ్వు కరుగుతుంది: షుగర్ ఉన్నవాళ్ల నడక వెనక కథ

షుగర్ ఉన్నవాళ్ల స్కానింగ్ రిపోర్టులో ‘ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1’ (లివర్‌లో కొవ్వు, తొలి దశ) అని కనిపించడం చెన్నైలో మామూలైపోయింది. అందరికీ ఉండేదేలే అని రిపోర్టును బీరువాలో పడేస్తారు. నడక మొదలుపెట్టినవాళ్లు కూడా రెండు నెలలకు తూకం చూసుకుని, కిలో కూడా తగ్గలేదని మానేస్తారు. చూడాల్సింది తూకం ఒక్కటే కాదని వైద్యరంగానికి తెలిసిరావడానికే చాలా ఏళ్లు పట్టింది.

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగుల లివర్ ముక్కల్ని పరీక్షించింది. మద్యం జోలికి పెద్దగా పోనివాళ్ల లివర్‌లోనూ తాగేవాళ్లలో కనిపించే కొవ్వు, వాపు, మచ్చలే కనిపించాయి. వాళ్లలో చాలామంది లావుగా ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ జబ్బుకు ‘నాష్’ (మద్యం వల్ల కాని, కొవ్వుతో వచ్చే లివర్ వాపు) అని పేరు పెట్టారు. జీవక్రియ లోపమే దీనికి మూలమని పేరులోనే తెలిసేలా 2023లో ఆ పేరు మార్చారు.

షుగర్ జబ్బుపై చెన్నైలో జరిగిన ‘క్యూర్స్’ సర్వే ఫలితాలు 2009లో వచ్చాయి. పరీక్షించినవాళ్లలో 32 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్లలో అయితే 54.5 శాతం. అంతకు ముందే, 2006లో, ఇదే నగరం నుంచి డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మరో ముఖ్యమైన ఫలితం ప్రకటించింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనిస్తే, నడక, తిండి మార్పులు పాటించినవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అప్పట్లో ఈ సంగతిని లివర్‌తో ముడిపెట్టి చూసినవాళ్లు తక్కువ.

లివర్‌లో కొవ్వు ఎక్కడినుంచి వస్తుందో కూడా అప్పటికే తేలింది. 2005లో అమెరికాలో జరిగిన అధ్యయనం ప్రకారం సుమారు 59 శాతం ఒంట్లోని కొవ్వు నిల్వలనుంచి రక్తంలోకి జారేదే. 26 శాతం పిండిపదార్థం, చక్కెరలనుంచి లివరే తయారుచేసుకునేది. తిండిలోని నూనె, నెయ్యినుంచి నేరుగా వచ్చేది 15 శాతమే. అందుకే నూనె మానేసి అన్నం, ఇడ్లీ మోతాదు తగ్గించనివాళ్లకు ఫలితం అంతగా కనిపించదు.

నడక, సైకిల్ తొక్కడం లాంటి ఏరోబిక్ వ్యాయామం దెబ్బకొట్టేది మొదటి రెండు దారులమీద. పిక్కలు, తొడల కండరాలు పనిచేస్తున్నంతసేపూ రక్తంలోని కొవ్వును ఇంధనంగా వాడుకుంటాయి. ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి లాక్కుంటాయి. నడక ఆపాక కూడా ఖాళీ అయిన నిల్వలు నింపుకోవడానికి గ్లూకోజ్ లాక్కుంటూనే ఉంటాయి కాబట్టి, కొవ్వుగా మార్చడానికి లివర్‌కు మిగిలేది తగ్గుతుంది. కొవ్వు తగ్గిన లివర్ మళ్లీ ఇన్సులిన్ మాట వింటుంది. రాత్రంతా అవసరానికి మించి గ్లూకోజ్ వదలడం తగ్గి, పరగడుపు షుగర్ దిగుతుంది.

దీనికి గట్టి రుజువు 2009లో సిడ్నీనుంచి వచ్చింది. స్థూలకాయుల చేత నాలుగు వారాలు సైకిల్ తొక్కించి ఎంఆర్ (ఎంఆర్ఐ తరహా స్కానింగ్) పద్ధతిలో కొలిస్తే లివర్ కొవ్వు 21 శాతం తగ్గింది, బరువు మాత్రం అంతే ఉంది. 2013లో ఇటలీలోని వెరోనాలో టైప్ 2 షుగర్, ఫ్యాటీ లివర్ రెండూ ఉన్నవాళ్లతో నాలుగు నెలలు వ్యాయామం చేయించారు. ఏరోబిక్ చేసినవాళ్లకూ, బరువులెత్తినవాళ్లకూ దాదాపు సమానంగా కొవ్వు తగ్గింది. మోకాళ్లు సహకరించనివాళ్లకు ఇది నిజంగా మంచి కబురు.

మోతాదు వారానికి 150 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. ఆదివారం ఒక్కరోజే బీచిలో రెండు గంటలు నడిస్తే సరిపోదు. ఒకసారి చేసిన వ్యాయామం ప్రభావం ఒకటి నుంచి మూడు రోజులే ఉంటుంది కాబట్టి వరసగా రెండు రోజులకు మించి మానకూడదు. ఎండాకాలంలో చెన్నై ఉక్కకు పొద్దున ఏడులోపే ముగించడం మేలు. అయితే ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో బయల్దేరితే షుగర్ పడిపోవచ్చు. బయల్దేరే ముందు షుగర్ 90 (ఎంజీ/డీఎల్) లోపు ఉంటే ఒక అరటిపండు తిని, కాస్త ఆగి వెళ్లాలి. కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లు పార్కులోనైనా చెప్పుల్లేకుండా నడవకూడదు.

నడకతో కొవ్వు తగ్గినంత సులువుగా మచ్చలు పోవు. వాటికి బరువూ తగ్గాలి; 2015 నాటి క్యూబా అధ్యయనంలో మచ్చలు బాగా వెనక్కి తగ్గింది బరువు 10 శాతం తగ్గినవాళ్లలోనే. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (రక్తంలో కొలిచే లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కకట్టే ఫిబ్-4 స్కోరు 1.3 దాటితే (65 ఏళ్లు పైబడితే 2) లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. సిర్రోసిస్ (మచ్చలతో లివర్ గట్టిపడిపోవడం) ముదిరి అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బినవాళ్లు బరువులెత్తకూడదు.

ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా లివర్‌లో కొవ్వు ఉండొచ్చు. అలవాటు లేకుండా జిమ్‌లో గట్టిగా కష్టపడితే కండరాలనుంచి కూడా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రక్తంలోకి వచ్చి వారం దాకా ఎక్కువగా కనిపిస్తాయి. రక్తం ఇచ్చే ముందు వారం కొత్త బరువులు మొదలుపెట్టకుండా ఉంటే, వచ్చిన అంకె లివర్‌దో కండరానిదో అన్న గందరగోళం ఉండదు.